కలానికి పోటీ, సంకల్పానికి పరీక్ష

పత్రికలో కథల పోటీ ప్రకటన వెలువడినప్పుడు మన ఇళ్ళలో రెండు విధాల స్పందన కనిపిస్తుంది. ఇంట్లోని అమ్మాయో అబ్బాయో ఆ ప్రకటనను కత్తిరించి పుస్తకం మధ్యలో దాచుకుంటారు. పెద్దలు మాత్రం "పేరు కోసం పాకులాట మనకెందుకు? ఆ సమయమేదో చదువు మీద పెట్టు" అని మాట తుంచేస్తారు. పిల్లల ఉత్సాహాన్ని తప్పు పట్టలేము. పెద్దల శంకను తేలికగా కొట్టివేయనూ లేము. అందుకే ఈ విషయాన్ని కొంత నిదానంగా పరిశీలించడం అవసరం.

బోధనా వృత్తిలో ఉన్నందున ఈ సందేహాలు నా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు ముఖ్యంగా నాలుగు. కథ అంటే కల్పన కదా, కల్పన అబద్ధం కాదా? రుసుము కట్టి పోటీలో పాల్గొని బహుమతి సొమ్ము పుచ్చుకోవడం ధర్మసమ్మతమేనా? మెప్పు కోసం రాయడం రియా, అంటే ప్రదర్శనా బుద్ధి కాదా? బహుమతి రాకపోతే బిడ్డ మనసు విరిగిపోదా? ఈ నాలుగూ గౌరవంగా సమాధానం చెప్పవలసిన ప్రశ్నలే.

మదీనాలో మాటల పోటీ

సమాధానాలకు ముందు ఒక చారిత్రక సంఘటనను గుర్తు చేసుకుందాం. హిజ్రీ 9వ సంవత్సరాన్ని చరిత్రకారులు ప్రతినిధి బృందాల సంవత్సరమని పిలుస్తారు. ఆ ఏడు బనూ తమీమ్ తెగ పెద్దలు మదీనా వచ్చారు. తమ వక్తకు, తమ కవికి అవకాశం ఇవ్వాలని, ఘనతను చాటుకోవడంలో పోటీ పడతామని దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన (స) అనుమతించారు. వారి తరఫున ఉతారిద్ బిన్ హాజిబ్ లేచి ప్రసంగించాడు. అతనికి బదులు చెప్పే బాధ్యతను దైవప్రవక్త (స) హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి)కు అప్పగించారు. తరువాత వారి కవి జిబ్రిఖాన్ బిన్ బద్ర్ కవిత్వం వినిపించాడు. ఆ సమయంలో హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) అక్కడ లేరు. కబురు పంపి ఆయన్ని పిలిపించారు. ఆయన వచ్చి కవిత్వంతోనే జవాబిచ్చారు.

అంతా విన్న అఖ్రా బిన్ హాబిస్, తమ వక్త కంటే ముస్లింల వక్త, తమ కవి కంటే ముస్లింల కవి మేలని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ బృందం ఇస్లాం స్వీకరించింది. దైవప్రవక్త (స) వారికి మంచి కానుకలిచ్చి సాగనంపారు. ఇబ్నె హిషామ్ సీరత్ గ్రంథంలో ఈ వృత్తాంతం వివరంగా ఉంది.

ఇందులో మనం గమనించవలసిన అంశాలు మూడు. మాటల పోటీ అన్నంత మాత్రాన దైవప్రవక్త (స) దానిని తోసిపుచ్చలేదు. వచనానికి వక్తను, కవిత్వానికి కవిని ఎంపిక చేశారు. ఎవరి ప్రజ్ఞ వారిదని ఆయన (స) ఎరుగుదురు. ఇక ఓడినవారు సత్యాన్ని ఒప్పుకున్నారు, వారు ఉత్త చేతులతోనూ తిరిగి వెళ్ళలేదు. పోటీకి ఉండవలసిన మర్యాద అంతా ఈ ఒక్క ఘట్టంలో ఉంది.

కల్పన అబద్ధమా?

మదరసాలలో దర్సె నిజామీ పాఠ్యక్రమం చదివిన ప్రతి విద్యార్థికీ 'మఖామాతె హరీరీ' పరిచయమే. బస్రా పండితుడు హరీరీ రచించిన ఆ గ్రంథంలో 50 ఘట్టాలున్నాయి. అందులో అబూ జైద్ సరూజీ అనే మాటకారి ఊరూరా వేషాలు మార్చి, తన వాక్చాతుర్యంతో జనాన్ని బురిడీ కొట్టిస్తుంటాడు. హారిస్ బిన్ హమ్మామ్ అనే అతను ఆ ఉదంతాలను మనకు చెబుతుంటాడు. ఇద్దరూ కల్పిత పాత్రలే. అయినా వందల ఏళ్ళుగా ధర్మవిద్యార్థులు ఆ గ్రంథాన్ని ఉస్తాదుల ముందు కూర్చుని చదువుతూనే ఉన్నారు.

ఇటువంటి ఆక్షేపణ వస్తుందని హరీరీ ముందే ఊహించారు. జంతువుల చేత, ప్రాణం లేని వస్తువుల చేత మాట్లాడించే నీతికథలను ఎవరు తప్పు పట్టారని ఆయన తన పీఠికలోనే వాదించారు. మన పంచతంత్రం 'కలీలా వ దిమ్నా'గా అరబీలోకి వెళ్ళి అక్కడి ఇళ్ళలో ఇష్టంగా చదువుకునే పుస్తకమైన సంగతి కూడా ఇక్కడ స్మరించదగినది. నక్క మాట్లాడదని పాఠకుడికి తెలుసు. కథకుడు అతన్ని మోసగించడం లేదు. వినేవాడిని నమ్మించి దారి తప్పించేదే అబద్ధం. "ఇది కథ" అని ముందే చెప్పి రాసేది ఆ కోవలోకి రాదు.

అయితే పోటీ రచనలో నిజమైన అబద్ధం ఒకటుంది. అది కథలో ఉండదు, కథతో పాటు పంపే హామీపత్రంలో ఉంటుంది. "ఈ రచన నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, మరెక్కడా ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు" అని సంతకం పెట్టి ఇస్తాం. ఆ సంతకం సాక్ష్యంతో సమానం. ఇతరుల కథను పేర్లు మార్చి పంపినా, ఉర్దూ కథను చడీచప్పుడు లేకుండా తెలుగు చేసి పంపినా, కృత్రిమ మేధ యంత్రం చేత రాయించి కింద మన పేరు పెట్టుకున్నా, అది తప్పుడు సాక్ష్యమే. తల్లిదండ్రులు భయపడవలసింది కల్పనను చూసి కాదు, ఈ సంతకాన్ని చూసి.

రుసుము, బహుమతి సొమ్ము

దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90వ ఆయతు మద్యంతో పాటు జూదాన్ని కూడా నిషేధించింది. కనుక సొమ్ముతో ముడిపడిన పోటీని పరిశీలించి చూడటం విశ్వాసి లక్షణం. ధర్మశాస్త్ర పండితులు పందెపు సొమ్ము గురించి చాలా వివరంగా చర్చించారు. విలువిద్య, గుర్రాలు, ఒంటెల పందాలకు సంబంధించిన హదీసును ఆధారం చేసుకుని, హనఫీ ఫుఖహాలు ధర్మవిద్యలో జరిగే పోటీలకు కూడా ఆ అనుమతిని వర్తింపజేశారు. ఇబ్నుల్ ఖయ్యిమ్ తన 'అల్ ఫురూసియ్యా' గ్రంథంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించారు.

ఆ చర్చల సారాంశం సామాన్య పాఠకుడికి ఇలా చెప్పవచ్చు. బహుమతి సొమ్ము పోటీదారులది కాకుండా పత్రికదో, సంస్థదో, ఒక దాతదో అయితే అది కానుక వంటిది. దానిని స్వీకరించవచ్చు. అలా కాక పాల్గొనే ప్రతి ఒక్కరూ కొంత సొమ్ము వేసి, ఆ పోగైన సొమ్మునే గెలిచినవారు పట్టుకుపోతే, అది ఖిమార్, అంటే జూదం అవుతుంది. ఉదాహరణకు వందమంది తలా 200 రూపాయలు కట్టారనుకోండి. 20,000 రూపాయలు పోగయ్యాయి. అందులో నుంచి 15,000 తీసి మొదటి బహుమతిగా ఇచ్చారు. ఇక్కడ తొంభైతొమ్మిది మంది సొమ్ము ఒకరి జేబులోకి చేరింది. దానికి సాహిత్యమని పేరు పెట్టినంత మాత్రాన దాని స్వభావం మారదు. రుసుమును నిర్వహణ ఖర్చులకే వాడి, బహుమతిని వేరే దాత ఇచ్చినప్పుడు సంగతి వేరు. ఏది ఎటువంటిదో తెలియనప్పుడు నిర్వాహకులను నిస్సంకోచంగా అడగాలి. జవాబు స్పష్టంగా లేకపోతే మీ ఊరి ముఫ్తీ సాహెబ్‌కు ప్రకటన చూపించి అడగాలి.

మంచి పోటీలు మనకు కరువేమీ కాదు. సంక్రాంతికి, ఉగాదికి, దీపావళికి తెలుగు పత్రికలు కథల పోటీలు నిర్వహించే ఆనవాయితీ ఎప్పటినుంచో ఉంది. వాటిలో చాలావరకు ఎటువంటి రుసుమూ అడగవు. రబీవుల్ అవ్వల్ నెలలో అనేక ఊళ్ళలో సీరత్ వ్యాసరచన పోటీలు జరుగుతాయి. మరోవైపు "మీ కవిత ఎంపికైంది, సంకలనంలో రావాలంటే ఇంత కట్టండి" అనే పిలుపులు ఇప్పుడు సెల్‌ఫోన్లలో విరివిగా వస్తున్నాయి. పంపినవారందరూ ఎంపికైతే అది పోటీ కాదు, పుస్తకాల వ్యాపారం. పిల్లలకు ఆ తేడా చెప్పవలసింది పెద్దలే.

పేరు కోసమా?

'సహీహ్ బుఖారీ' గ్రంథం సంకల్పానికి సంబంధించిన హదీసుతోనే ప్రారంభమవుతుంది. కనుక రాసేవారు తమ నియ్యత్‌ను సరిచూసుకోవలసిందే. కానీ రియా భయంతో మంచి పనినే మానుకోవడం పరిష్కారం కాదు. జనం చూస్తారేమోనని నమాజు మానేసేవారు ఎవరైనా ఉన్నారా?

పైగా పోటీలో రియాకు ఒక మందు కూడా ఉంది. రాతప్రతి మీద ఎక్కడా రచయిత పేరు ఉండరాదని, పేరు, చిరునామా వేరే కాగితం మీద ఇవ్వాలని అనేక పోటీల నిబంధన. న్యాయనిర్ణేత ముందు మన పేరు ఉండదు, మన కుటుంబం ఉండదు, మన మతం ఉండదు. రాసిన మాట ఒక్కటే ఉంటుంది. పరిచయంతో, సిఫారసుతో అచ్చు వేయించుకోవడం కంటే ఇది ఎంతో శుభ్రమైన మార్గం. అందుకే న్యాయనిర్ణేతల పేర్లు తెలుసుకుని ఫోన్లు చేసే పద్ధతిని మన పిల్లల దరిదాపులకు రానీయకూడదు. అది తోటి పోటీదారుల హక్కును కాజేయడమే.

మరొక మాట. తెలుగు నేల మీద తరతరాలుగా బతుకుతున్న ముస్లిం కుటుంబాల జీవితం తెలుగు పాఠకులలో చాలామందికి తెలియదు. సహరీ వేళ లేచి రొట్టెలు కాల్చే తల్లి, ఇద్దత్ రోజులలోని ఒక వితంతువు, బిడ్డ పెళ్ళి కట్నం కోసం అప్పు చేసి ఆ సంగతి ఇమాం సాహెబ్‌కు తెలియకుండా దాచే తండ్రి, వీరి కథలు ఎవరు రాయాలి? ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' వంటి రచనలు వచ్చాక కొన్ని కిటికీలు తెరుచుకున్నాయి. ఇంకా తెరవవలసినవి అనేకం ఉన్నాయి. మన గురించి మనం రాయకపోతే ఇతరులు తమ ఊహను బట్టి రాస్తారు. ఈ అవసరాన్ని తీర్చడానికి రాసే బిడ్డ సంకల్పంలో పేరు కోరిక రవ్వంత ఉన్నా, మంచి సంకల్పం దానిని కడిగివేస్తుందని ఆశిద్దాం.

ఓటమి తరువాత

ఇస్లాంకు పూర్వం తాయిఫ్ సమీపంలో ఉకాజ్ అనే సంత జరిగేది. అక్కడ నాబిగా జుబ్యానీ అనే పెద్ద కవికి ఎర్రటి తోలు గుడారం వేసేవారని, కవులు వచ్చి ఆయన తీర్పు కోరేవారని పాత అరబీ సాహిత్య గ్రంథాలు చెబుతాయి. ఒకసారి అక్కడ ఆషా, హస్సాన్, ఖన్సా తమ కవిత్వం వినిపించారు. నాబిగా ఆషాకు, ఖన్సాకు పెద్దపీట వేశాడు. హస్సాన్ నొచ్చుకుని అందరికంటే తానే మేలన్నాడు. నాబిగా ఆయన కవితలో లోపాలు ఎత్తి చూపాడు. అతిథులకు వడ్డించే పాత్రలు అనేకమని చెప్పవలసిన చోట కొన్నే అనిపించే బహువచనం వాడావన్నాడు. ఆ పాత్రలు పగలు మెరిశాయనడం కంటే రాత్రి మెరిశాయంటే ఆతిథ్యం గొప్పగా తోచేదని, ఖడ్గాల నుండి రక్తం చుక్కలుగా రాలిందనడం కంటే ప్రవహించిందంటే శౌర్యం పెరిగేదని విమర్శలు వచ్చాయి.

ఈ కథ ఇక్కడితో ముగియలేదు. ఆ తరువాత మూడు శతాబ్దాలకు ఖుదామా బిన్ జాఫర్ అనే విమర్శకుడు తన 'నఖ్దుష్షిఅర్' గ్రంథంలో హస్సాన్ పక్షాన నిలిచాడు. రాత్రి వేళ చిన్న వెలుగైనా మెరుస్తుంది, పట్టపగలు మెరిసేదే నిజంగా మెరిసేదని, ఖడ్గం నుండి రక్తం చుక్కలుగా రాలడమే జనం నోట నలిగిన మాటని అతని సమర్థన. తీర్పు చెప్పినవాడూ పెద్దవాడే, ఆ తీర్పును తిరగదోడినవాడూ పెద్దవాడే. న్యాయనిర్ణేత అభిప్రాయం విలువైనదే గానీ, అది దైవవాణి కాదు.

ఇక ఆ రోజు నొచ్చుకున్న హస్సాన్ ఏమయ్యారు? దైవప్రవక్త (స) మస్జిదులో ఆయన కోసం మింబర్ వేయించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ప్రశంస పొందిన ఖన్సా (రజి) కూడా ఇస్లాం స్వీకరించారు. ఉకాజ్ గుడారంలో మొదటి స్థానం ఎవరిదన్నది ఈనాడు సాహిత్య విద్యార్థులకు తప్ప ఎవరికీ పట్టదు. హస్సాన్ (రజి) కలం ఎవరి సేవలో నిలిచిందన్నది మాత్రం లోకమంతటికీ తెలుసు.

మన తెలుగులోనూ నేర్చుకోదగిన ఉదాహరణలున్నాయి. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' నవలలకు కలిపి బహుమతి పంచారు. రెండు భిన్నమైన రచనలలో ఒకదాన్ని తీసిపారేయడం అక్కడి పెద్దలకు సాధ్యం కాలేదు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక 1952లో నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' రెండవ బహుమతి పొందింది. ఆ కథలో రాజులూ యుద్ధాలూ లేవు. నియమాలే జీవితమనుకునే ఒక పెద్దమనిషి, రైలులో ఒక బిచ్చగత్తె, తుపాను కమ్ముకున్న ఒక రాత్రి, అంతే. తన సీమను, తన మనుషులను నిజాయితీగా రాసిన కథ సముద్రాలు దాటి వెళ్ళింది. దానికి వచ్చింది మొదటి బహుమతి కాదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. నేటికీ తెలుగువారు గర్వంగా తలుచుకునేది ఆ రెండవ బహుమతినే.

రాసేవారికి కొన్ని సూచనలు

సీరత్ వ్యాసాలను దిద్దే పని నాకు తరచుగా పడుతుంది. ఆ అనుభవంతో కొన్ని మాటలు.

వ్యాసం రాసేవారు మొదటి పేజీని పొగడ్తలతో నింపవద్దు. చాలా వ్యాసాలు ఒకే తీరు వాక్యంతో మొదలై, ఒకే తీరు వాక్యంతో ముగుస్తాయి. ఒక్క సంఘటనను తీసుకుని లోతుగా రాసినవారే గుర్తుండిపోతారు. ప్రతి హదీసుకూ గ్రంథం పేరు సరిచూసుకోవాలి. ఫోన్‌లో చక్కర్లు కొట్టే ప్రతి మాటా హదీసు కాదు. నిరాధారమైన మాటను దైవప్రవక్త (స)కు అంటగట్టడం ఎంతటి పాపమో వేరే చెప్పనక్కరలేదు.

కథ రాసేవారు చివర మౌల్వీ సాహెబ్‌ను ప్రవేశపెట్టి ఒక పేజీ ఉపన్యాసం చెప్పించవద్దు. ఖుత్బాకు మింబర్ ఉంది. కథలో నీతి పాత్ర చేసే పనిలో కనిపించాలి. కట్నం తప్పని చెప్పించే బదులు, కట్నం సొమ్ము తిరిగి ఇచ్చేందుకు అత్తవారి గడప ముందు నిలబడిన అల్లుడిని చూపించండి. అతని చేతి సంచి, గొంతులోని తడబాటు చూపించండి. పాఠకుడు మిగతాది తానే గ్రహిస్తాడు.

కవిత రాసేవారు రాసినదాన్ని పైకి చదివి, ఇంట్లో ఒకరికి వినిపించాలి. నాలుక తడబడిన చోట మాట మార్చాలి. ప్రాస కోసం తెచ్చిన పదం అర్థాన్ని పక్కకు నెడితే ఆ పదాన్ని వదులుకోవాలి.

పంపే ముందు నిబంధనలు రెండుసార్లు చదవాలి. పదాల పరిమితి, గడువు తేదీ, ఏ రూపంలో పంపాలన్నది చూడాలి. ఒక ప్రతి తప్పక మీ దగ్గర ఉంచుకోవాలి. ఫలితం వచ్చేదాకా అదే రచనను మరో పత్రికకు పంపడం మాట తప్పడమే. హక్కుల గురించిన వాక్యాన్ని దాటవేయవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనపై తొలి హక్కు సాధారణంగా రచయితదే. దానిని బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. "పంపిన రచనలన్నింటి మీదా సర్వహక్కులూ మావే" అని ఎవరైనా రాస్తే ఆలోచించి అడుగు వేయండి.

ఇంటి పెద్దలకు ఒక విన్నపం. రాసే బిడ్డకు ఇషా తరువాత ఒక గంట సమయం, ఒక దీపం, కొంత నిశ్శబ్దం ఇవ్వండి. ముఖ్యంగా ఆడపిల్లలకు. "ఎంత వచ్చింది?" అని కాక "ఏం రాశావు?" అని అడగండి. ఫలితాల జాబితాలో పేరు లేని రోజున ఆ కాగితాలను అటక మీద పడేయనివ్వకండి. నెల రోజులు ఆగి తిరిగి చదివించండి, దిద్దించండి, మరో చోటికి పంపించండి. బహుమతి రాకపోయినా సాధారణ ప్రచురణకు స్వీకరించిన కథలు ప్రతి పోటీలోనూ ఉంటాయి. ఎందరి రచనా వ్యాసంగమో ఆ జాబితా నుంచే మొదలవుతుంది.

ప్రతి పోటీ ప్రకటన చివర "న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ పోటీ వరకు అది నిజమే. ఆ నిర్ణయాన్ని మర్యాదగా అంగీకరించడం నేర్చుకోవాలి. కానీ మన కలం నుండి వెలువడిన ప్రతి అక్షరానికీ లెక్క చూసే తుది నిర్ణేత వేరే ఉన్నాడు. ఆయన మొదటి బహుమతి ఎవరికి వచ్చిందని అడగడు. నిజం రాశావా, నీదే రాశావా, ఎవరి కోసం రాశావు అని అడుగుతాడు. ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన బిడ్డ ధైర్యంగా కవరు అంటించి పోస్టు చేయవచ్చు.